ఋతువు లేని విస్తరి

ఏలూరు పురవాసుల భాగ్యము గొప్పది. కృష్ణ నీరును గోదావరి నీరును కాలువల వెంట వచ్చి కలిసికొను ఊరు వారిది. దక్షిణమున కొల్లేరు, తూర్పున వరి మాగాణి, ఉత్తరమున మెట్ట తోటలు, పడమట నూజివీటి మామిడి. ఇన్ని దిక్కుల పంట దిగుచున్న ఊరిలో భోజనశాలకు పోయి కూర్చున్నవానికి దొరకుచున్నదేమి? చైత్రమందు పనీరు బటరు మసాలా. కార్తికమందును పనీరు బటరు మసాలాయే. రోళ్ళు పగులు రోహిణి కార్తెలో, చలికాలపు పంటయైన కాలీఫ్లవరును నూనెలో వేచి గోబీ మంచూరియా యని మన ముందుంచుదురు. వెలుపల బజారులో తాటిముంజలు, చింతచిగురు, పనసకాయ అమ్ముచుండగా, లోపల మెనూ అనబడు అట్టపై అచ్చైన అక్షరములకు ఎండ లేదు, వాన లేదు, చలి లేదు. ఈ అట్ట మారవలెను. ఋతువు మారినప్పుడెల్ల మారవలెను. ఇది జిహ్వచాపల్యము వలన పుట్టిన కోరికయని తలపకుడు. సంఘమునకు సంబంధించిన విషయమని నా మనవి.

మొదట ఒక అపార్థమును తొలగింతును. భోజనశాలను నిందించుట నా యుద్దేశము కాదు. సంస్కరణమునకు మన ఉపన్యాసములు చేసిన మేలుకంటె హోటలు బల్ల చేసిన మేలు తక్కువది కాదు. స్వాతంత్ర్యమునకు పూర్వము చెన్నరాజధానిలోని హోటళ్ళలో పెక్కింట బ్రాహ్మణులకు వేరుగది యుండెడిది. అంటరానివారనబడిన వారికి గడప దాటు యోగ్యతయే లేకుండెడిది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున భోజనశాలలను పేరు పెట్టి చెప్పి, కులమును బట్టి ఎవ్వరి నడ్డగింపరాదని శాసించినది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము అట్టి అడ్డగింపును శిక్షార్హము గావించినది. అయినను పెక్కు పల్లెల టీ దుకాణములలో రెండు గ్లాసుల దురాచారము తరువాతను సాగినది. ఎవరు వండిరి, ఎవరి ప్రక్కన కూర్చుంటిమి అని అడుగకుండ తినుట మనకు నేర్పిన బడి భోజనశాల. అంతటి సంస్థ గనుకనే దాని లోపమును ఉపేక్షింపరాదు.

పన్నెండు నెలల పట్టిక ఎట్లు సాధ్యమగుచున్నదో వంటయింటిలోనికి తొంగి చూచిన తెలియును. తాడేపల్లిగూడెము మార్కెట్టునుండి వచ్చిన ఉల్లిపాయలు, టమాటాలు, జీడిపప్పు ఉడికించి నూరి ఉదయముననే ఒక గంగాళము నింపుదురు. దానిలో పనీరు వేసినచో ఒక పేరు, పుట్టగొడుగులు వేసినచో ఒక పేరు, కోడిగ్రుడ్డు వేసినచో మరియొక పేరు. అట్టపై అరువది వంటకములు. గంగాళములో ఒకటే రుచి. ఆ అరువది పేర్లను నిలుపుటకు ఫ్రిజ్జు ఎల్లప్పుడును నిండియుండవలెను. నిన్నటి మిగులు నేడు చెల్లిపోవలెను. రాని కాలపు కాయను దూరపు లారీలో అధికమైన వెలకు తెప్పింపవలెను. నాలుగు కూరల చిన్న పట్టిక గలవాడు తెల్లవారగనే బజారునకు పోయి, విరివిగ దిగినదానిని చౌకగ కొనును. రాత్రికి గిన్నె ఖాళీ యగును. ఈ రెంటిలో తెలివైన వ్యాపారమేదో లెక్క తెలిసిన హోటలు యజమానులే చెప్పవలెను.

"జనులకు కావలసినది అదియే, మేము పెట్టుచున్నాము" అని వారి సమాధానము. జనులకు వేరొకటి చూపినదెన్నడు? వడ్డించువాడు బల్ల యొద్దకు వచ్చి ఊపిరి తిప్పుకొనకుండ అప్పగించు జాబితాలో ఆగాకర వేపుడున్నదా? వాక్కాయ పప్పున్నదా? కంద బచ్చలి యున్నదా? పేరే వినబడనిదానిని అడుగువాడెవడు? ఆ జనులే వానలు పడిన పిమ్మట ఆగాకరకాయలు కనబడినచో బేరమాడక కొనుచున్నారు. నూజివీటి రసములకై ఏడాది పొడుగున ఎదురుచూచుచున్నారు. సంక్రాంతినాటికి చిక్కుడుకాయయు, గుమ్మడికాయయు, కొత్తబియ్యమును లేని ఇల్లు ఇల్లు కాదనుచున్నారు. ఇంట ఋతువు నెరిగిన ఈ నాలుక హోటలు గడప దాటగనే మొద్దుబారునా?

పట్టికను మార్చుట పరదేశపు వింతయని మరికొందరు నవ్వుదురు. పరదేశములందు ఇది కలదు. అమెరికాలోని బర్కిలీ నగరమున ఆలిస్ వాటర్స్ అను నామె 1971లో షే పనీస్ అను భోజనశాలను తెరచి, ఆనాడు దొరకినదానినే ఆనాడు వండుట నియమముగ పెట్టుకొని లోకప్రసిద్ధి గాంచినది. కాని మన కంత దూరప్రయాణ మక్కరలేదు. 16వ శతాబ్దమున శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదను తెరచి చూడుడు. విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలమున పెట్టు వరుగులును వడియములును వేరు; వేసవిలో పెట్టు అంబళ్ళును, చెరకుపాలును, నీరుమజ్జిగయు వేరు; చలికాలమున పెట్టు మిరియపు పొడియు, ఆవపచ్చళ్ళును, వేడి నెయ్యియు వేరు. మన పట్టిక మారుచుండెడిది; దానిని నిలిపివేసినవారము మనమే.

ఇక రెండవ పక్షము. "ఋతువును బట్టి తినదలచినవాడు ఇంటిలో తినవలెను, హోటలున కేల పోవలెను?" అను పెద్దమనుషులు వీరు. వినుటకు సొంపైన మాట. ఇంటిలో వండువారెవరు? మే నెల యెండలో డాబాపై మామిడి ముక్కలు ఆరబోసి, కారము కలిపి చేతులు మండించుకొనునది ఎవరు? వడియములు పెట్టి కాకులను తోలునది ఎవరు? పనసకాయను కొట్టి పొట్టు తీయునది ఎవరు? ఋతుభోజనమును పొగడు పురుషులలో నూటికి తొంబదిమంది ఆ భోజనమునకు కూలి చెల్లింపనివారే. స్త్రీ చదువుకొని ఉద్యోగమునకు పోయిన యీ కాలమున, ఇంటివంట తగ్గినదని ఆమెను దూషించుట అన్యాయము. ఆ విద్య నశింపకుండవలెనన్నచో దానిని జీతమిచ్చు వృత్తిగ భోజనశాలలోనికి తేవలెను. పనసపొట్టు కూర వండనేర్చిన చేతికి హోటలులో మంచి జీతముగల ఉద్యోగ ముండవలెను.

కొల్లేటి మాటయు ఇందులో చేరినదే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీటితో వానకాలమున పొంగి, వేసవిలో కుంచించుకొని, ఉప్పుటేటి ద్వారా సముద్రమును చేరు ఈ సరస్సే ఋతువు పట్టిక. వడ్డికులపు జాలరులు ఆ నీటి పెరుగుదలను తరుగుదలను చూచి వేటాడెడివారు. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, మట్టగిడస, జెల్ల వారి చేపలు. తరువాత చెరువులు త్రవ్విరి. బొచ్చెయు, శీలావతియు ఏడాది పొడుగున పెరిగి, మంచుగడ్డల నడుమ లారీలలో బెంగాలునకు పోవుచున్నవి. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేల యైనది. 2006లో అయిదవ కాంటూరు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వమే తెగగొట్టించినది. చెరువులు మరల తల యెత్తినవి. భోజనశాల యొక్కటియే సరస్సును రక్షించునని చెప్పువాడను కాను. కాని సరస్సులో పుట్టిన చిన్నచేపలకు సరస్సు ఒడ్డుననున్న ఊరి పట్టికలోనే చోటు లేనప్పుడు, జాలరి ఏ ధైర్యముతో సరస్సును సరస్సుగ మిగులనిండనును?

ఋతువు అనగా వచ్చుట యెంతయో రాకుండుటయు నంతయే. తూర్పు తీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు మరపడవల వేట నిషిద్ధము. అది చేపలు సంతతి పెంచుకొను కాలము. గోదావరి వరదకు ఎదురెక్కు పులస గ్రుడ్లు పెట్టుటకై వచ్చుచున్నది. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని మనవారి సామెత. పుస్తెలు ఎవరివి? తిన్న నాలుక ఎవరిది? ఇట్టి సామెతలను వల్లించి ఋతుభోజనమును ధనికుల పందెముగ మార్చుట నేను కోరు సంస్కరణము కాదు. "ఇప్పుడు లేదు" అని చెప్పగల పట్టికయే నిజమైన పట్టిక.

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా జనులు మూర్ఛలతో తటాలున కూలి ఆసుపత్రుల పాలైరి. పరీక్షకులు సీసమును, నికెలును, పురుగుమందుల అవశేషములను గూర్చి చెప్పిరి. అట్టి దినములు చూచిన ఊరు తన యన్నము ఏ నీటినుండి, ఏ పొలమునుండి వచ్చుచున్నదని అడుగకుండ తినవచ్చునా?

కావున హోటలు యజమానులకు నాలుగు విన్నపములు. గుమ్మమున నల్లబల్ల పెట్టి, ఉదయము కొన్న కూరగాయలను, అవి వచ్చిన ఊరిపేరును వ్రాయుడు. ఋతువు కూరను ప్రత్యేకమని వెల హెచ్చింపక, రిక్షావాడు తిను మామూలు భోజనములోనే వడ్డింపుడు. ఆ వంట లెరిగిన స్త్రీలను తగిన జీతముతో నియమింపుడు. కొల్లేటి జాలరి తెచ్చినదానిని అతని యొద్దనే కొనుడు.

చదువరులకు విన్నపము ఒక్కటే. మీ కుటుంబముతో భోజనశాలకు పోయినప్పుడు అట్టను ప్రక్కకు నెట్టి, "నేడు బజారులోనికి వచ్చినదేమి? అది వండితిరా?" అని అడుగుడు. లేదన్నచో కోపగింపక, ఉన్నది తిని, మరుసటి మారు పోయినప్పుడును అదే ప్రశ్న వేయుడు. పదిమంది అడిగిన ప్రశ్నకు వంటయింటిలో పొయ్యి వెలుగును.