కవల వంతెనలు

అమెరికాలో ఒహాయో నదిమీద 1928లో ఒకే నమూనా వంతెనలు రెండు కట్టారు. ఉక్కు పట్టీలను జతలుగా కూర్చిన గొలుసులే వాటికి ఆధారం. 1967 డిసెంబరు 15 సాయంత్రం, బళ్లు కిక్కిరిసి ఉండగా, పాయింట్ ప్లెజంట్ దగ్గరి వంతెన కూలి 46 మంది చనిపోయారు. కారణమేమిటో తెలుసా? ఒక పట్టీ కన్నంలో 2.5 మిల్లీమీటర్ల లోతు పగులు! అతుకు విప్పితేనే తప్ప అది కంటికి కనబడదు. ఆ పట్టీ తెగగానే రెండోది బరువు ఆపలేకపోయింది.

సెయింట్ మేరీస్ దగ్గరి వంతెన మటుకు నిలిచే ఉంది. అయినా దాన్ని వెంటనే మూసేసి, 1971లో పడగొట్టారు. ఇంట్లో ఒకరికి తట్టు పోస్తే వైద్యుడు మిగతా పిల్లల్నీ చూస్తాడు గదా!

ఒకేచోట బారులుతీరిన ఒకే రకం గాలిమరలను ఇప్పుడు ఇలాగే కనిపెట్టి ఉంటారు. వాటి అదురును పరికరాలు కొలుస్తాయి. అదే గాలికి ఒక మర తోటివాటికన్న వేరుగా అదిరితే, ముందు దాన్నే పరీక్షిస్తారు.