ఇరుగుపొరుగు కొనిచ్చిన ట్రంపెట్

బిగ్ బ్యాండ్‌లో పదిహేను, పదహారు మంది కలిసి జాజ్ వాయిస్తారు. ట్రంపెట్ వాళ్లే నలుగురుంటారు. ఆ గుంపులో కూడా క్లార్క్ టెర్రీని నేను ఇట్టే పట్టేస్తాను. ఎవరో పక్కన కూర్చుని నవ్వుతూ కబుర్లు చెప్తున్నట్టుంటుంది.

1920లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పేదింట పుట్టాడు. ట్రంపెట్ కొనే స్తోమత లేక పాత గొట్టానికి గరాటు తగిలించి ఊదేవాడు. ఆ గోల భరించలేక ఇరుగుపొరుగే చందాలేసుకుని అసలు ట్రంపెట్ కొనిచ్చారట!

1948లో కౌంట్ బేసీ దగ్గర, 1951 నుంచి 1959 దాకా డ్యూక్ ఎల్లింగ్టన్ దగ్గర వాయించాడు. జాజ్‌లో అంతకన్నా పెద్ద కొలువుల్లేవు.

బేసీ బ్యాండ్‌తో సియాటిల్ వెళ్లినప్పుడు ఓ కుర్రాడు పాఠం చెప్పమని వెంటపడ్డాడు. రాత్రంతా వాయించి అలసిపోయినా, వాడు బడికెళ్లేలోపు పొద్దున్నే నేర్పేవాడు. ఆ కుర్రాడే క్విన్సీ జోన్స్. 1959లో ఎల్లింగ్టన్‌ని వదిలి, ఆ శిష్యుడు నడిపే బ్యాండ్‌లోనే చేరాడు. అందుకెంత మనసుండాలి!

మధుమేహంతో కాళ్లు పోయినా, చూపులేని పియానిస్టు జస్టిన్ కాఫ్లిన్‌కి మంచం మీంచే పాఠాలు చెప్పాడు. 2015లో, 94వ ఏట కన్నుమూశాడు.

నాకైతే, ఆ చందా బాకీని జీవితాంతం తీరుస్తూనే ఉన్నాడనిపిస్తుంది.