సవరల గోడ, మన అచ్చు

చిత్రకారులు పదుగురు కూడి గీసి, చెక్కి, అచ్చువేసే శిబిరాలు ముచ్చటైనవే. కాని సీతంపేట కొండలలో అట్టివి జరపదలచినవారు ముందుగా ఒక సంగతి గ్రహించాలి.

సవరలు ఎర్రమట్టి గోడపై బియ్యపుపిండితో వ్రాసే బొమ్మ వట్టి అలంకారం కాదు. పితరులకో దేవతలకో సమర్పించిన నివాసం. ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు అందులో కొలువుంటారు. స్వప్నంలో కనబడినదానిని పూజారి చెప్పగా చిత్రకారుడు వ్రాస్తాడు. ఒడిశా వైపు సవరల చిత్రాలను గూర్చి వెరియర్ ఎల్విన్ 1951లోనే గ్రంథం వెలువరించారు. అనగా, పలువురు కూడి చిత్రించడం వారికి మనం నేర్పవలసిన విద్య కాదు.

అచ్చుదిమ్మెపై చెక్కినది కాగితంపై కుడియెడమలు తారుమారై పడుతుంది. అర్థమెరుగక తీసిన నకలు గతీ అంతే. పైగా, ఒక ఇంటి పితరులకై వెలసిన బొమ్మను నూరు ప్రతులు తీయవచ్చునా?

గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పబూని, ముందు తామే వారి భాష నేర్చుకొన్నారు. 1931లో దానికి వ్యాకరణం ప్రకటించారు. చిత్రకారులకూ అదే త్రోవ. ఏ బొమ్మ గడప దాటవచ్చునో సవర పెద్దలే చెప్పాలి. అచ్చుపై వారి పేరుండాలి. ప్రతిఫలం వారికి ముట్టాలి.

ఉపాధ్యాయ సోదరులారా! పిల్లలచేత ఆ బొమ్మ గీయించేముందు, దాని కథ ఆ పెద్దలనోట వినిపించండి.