కొన మాడిన ఆకు

హిందూపురంలో కొత్తగా కట్టిన ఇంట్లో అడుగుపెడితే టీవీ పక్కన ఓ కుండీ కనిపిస్తుంది. డ్రసీనానో, స్పైడర్ ప్లాంటో. కొన్ని నెలలాగి మళ్ళీ వెళ్ళి చూడండి. ఆకుల కొనలు మాడి, పట్టుకుంటే చిటుక్కున విరుగుతుంటాయి. మాడిన ముక్కకూ పచ్చటి ఆకుకూ మధ్య సన్నటి పసుపు గీత. "నీళ్ళు చాల్లేదేమోనప్పా, లేకుంటే మందు కొట్టాల్నా?" అంటూ ఇంటాయన ఇంకో చెంబు పోస్తాడు. నన్నడిగితే చిక్కంతా ఆ చెంబులోనే ఉంది.

మన బోరు నీళ్ళ సంగతి మనకు కొత్త కాదు. ఫ్లోరైడ్‌తో పళ్ళు గారపట్టిన పల్లెలు ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఎన్ని లేవు! 1990లలో సత్యసాయి ట్రస్టు వందలాది ఊళ్ళకు తాగునీళ్ళు తెచ్చిందంటే ఆ కష్టం చూసే. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. డ్రసీనాకు అంతకంటే తక్కువున్నా పడదు. వేరు పీల్చిన ఫ్లోరైడ్ నీటితో పాటే ఆకు కొనదాకా పోతుంది. అక్కడ నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ ఉండిపోతుంది. మన ఎండాకాలపు పొడిగాలిలో ఆకు గబగబా ఆవిరి వదులుతుంది కాబట్టి అది ఇంకా తొందరగా పేరుకుంటుంది. తెగులైతే కదా మందుకు పోవడానికి! దానికి తోడు సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు కొందరు. అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇంకో అలవాటుంది, పెనుకొండ అపార్ట్‌మెంట్లలోనూ ధర్మవరం ఇళ్ళలోనూ. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్ళను బకెట్‌కు పట్టి కుండీలకు పోస్తారు. నీళ్ళ కోసం బిందెలు వరసపెట్టిన సీమ మనుషులం, పారబోయడానికి చెయ్యి రాదు. కానీ మిషను మన గ్లాసులోంచి తీసిన ఉప్పంతా చేరేది ఆ బకెట్‌లోకే. బండలు కడగడానికి వాడుకోండి. కుండీ అంచు లోపల తెల్లగా పొక్కు కట్టిందంటే మట్టిలో ఉప్పు పేరుకుందని అర్థం. అప్పుడు మంచి నీళ్ళు ధారాళంగా పోసి, అడుగు చిల్లిలోంచి కారిపోనివ్వాలి. అందంగా ఉందని చిల్లి లేని పింగాణీ కుండీ కొన్నవాళ్ళకు ఆ దారీ లేదు.

ఈ మొక్కల్లో చాలావరకు గోదావరి పక్కన కడియం నర్సరీల్లో, షేడ్‌నెట్ కింద, చెమ్మగాలిలో పెరిగి లారీ ఎక్కినవి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానైనా గట్టిగా పడని చోట దించితే బెదరవా? మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ ఓర్చుకుంటాయి. డ్రసీనానే కావాలంటే సెప్టెంబరు, అక్టోబరు వానల్లో మిద్దె మీది నీళ్ళు డ్రమ్ముకు పట్టి, దోమలు చేరకుండా మూతపెట్టుకోండి. బోరు నీళ్ళను స్ప్రే చేస్తే మిగిలేది ఆకుల మీద తెల్లమచ్చలే.

ఇంట్లో మొక్కలుంటే గాలి శుభ్రమవుతుందని నర్సరీవాళ్ళు చెప్పే మాటకు మూలం 1989 నాటి నాసా నివేదిక. ఆ ప్రయోగం మూసిన పెట్టెల్లో జరిగింది. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు పాత పరిశోధనలు తిరగేసి, ఇంట్లో మామూలుగా ఆడే గాలితో పోటీ పడాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేల్చారు. మనిషి నిలబడేదెక్కడ? అందానికే పెంచుకుందాం.

ధర్మవరంలో చేనేత ఇళ్ళ సంగతి వేరు. అక్కడ వెలుతురున్న చోటు మగ్గానిది. పట్టుపోగు కనబడకపోతే పని సాగదు. కుండీకి దక్కేది బీరువా పక్కన మూల. నీడలో ఉన్న మొక్క నీళ్ళు తక్కువ తాగుతుంది. ఇంటావిడ మాత్రం తులసికి పోసినట్టే దానికీ రోజూ పోస్తుంది. కొన్నాళ్ళకు మొదలు మెత్తబడి కుళ్ళు వాసన కొడుతుంది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి చూడండి. తడి తగిలిందా, ఆ పూట చెంబు పక్కన పెట్టేయండి. స్నేక్ ప్లాంట్‌కైతే మట్టి పూర్తిగా ఎండేదాకా ఆగినా నష్టం లేదు.