మూతి తిప్పితే చాలన్నట్టే

‘ఏందమ్మా, పిల్లగాడు గింత బక్కగున్నడు?’ వరంగల్‌లో బాలింతను చూడ్డానికి వచ్చినవాళ్ల మాట ఇది. అది పడలేక అమ్మమ్మ డబ్బాపాలు కలుపుతుంది. బిడ్డ మూతి తిప్పుకొన్నా సీసా ఖాళీ అయ్యేదాకా వదలదు. చిక్కంతా ఇక్కడే. రొమ్ము దగ్గర కడుపు నిండగానే బిడ్డే ఆపేస్తాడు, సీసా దగ్గర ఆ నిర్ణయం పెద్దలది. పైగా ఆవుపాలలో మాంసకృత్తులు తల్లిపాలకు దాదాపు 3 రెట్లు. మాంసకృత్తులు ఎక్కువున్న డబ్బాపాలు తాగిన పిల్లల్లో, తక్కువున్నవి తాగినవారికన్నా ఆరేళ్లకు స్థూలకాయం ముప్పు రెట్టింపు దాటిందని ఐరోపాలోని 5 దేశాల్లో జరిగిన అధ్యయనం 2014లో తేల్చింది. అమ్మమ్మనూ అనలేం, కరవు చూసిన తరానికి బొద్దుతనమే భరోసా! ఆరు నెలల దాకా తల్లిపాలే. తర్వాత మెత్తని పప్పన్నం, రెండేళ్లు నిండేదాకా చక్కెర కలపకుండా. పాలు చాలక డాక్టరే డబ్బాపాలు రాస్తే? సీసా బదులు ఉగ్గుగిన్నె తీయండి. మూతి బిగిస్తే అక్కడితో ఆపేయండి.