తరుగు పోగా మిగులునది

గడచిన వేసవిలో ఒకనాటి సాయంకాలము, ప్రొద్దుటూరు బస్టాండునకు అనతిదూరముననున్న ఒక జిరాక్సు అంగడిలో నేను నా పనికై నిలుచుండగా, ఒక తండ్రియు కుమారుడును వచ్చి ఫోనులోని కాగితములను అచ్చు తీయించుకొనిరి. పదునెనిమిది పుటలు. తండ్రి బంగారపు పనివాడని ఎవరును చెప్పనక్కరలేకయే తెలియుచుండెను. వ్రేళ్ల కొసలు ద్రావకమునకు మాడి నలుపెక్కియుండుట ఒక గురుతు కాగా, అచ్చయిన కాగితమును సైతము వెలుతురునకెత్తి, అంచు త్రిప్పి, మరల దించి చూచుట వేరొక గురుతు. కుమారుడు ఇంజనీరింగ్ పట్టభద్రుడు. ఆ కాగితములు ఒక పెద్ద బహుళజాతి సంస్థ పంపిన ఆఫర్ లెటరు. మొదటి పుటలో లావు అక్షరములతో ఏడాదికి 3,50,000 రూపాయలని యుండగా, తండ్రి ఆ సంఖ్య వద్ద ఆగక, "ఇది బిల్లు మీది లెక్క. తరుగెంత పోతాది నాయనా?" అని అడిగెను. కుమారుడు వేతనపు పట్టిక యున్న పుటను వెదకి తీసి, యాజమాన్యపు వాటా ప్రావిడెంట్ ఫండు, తన వాటా ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా, పనితీరును బట్టి ఇచ్చెదమనిన మొత్తము, ఇట్లొకటొకటిగా కొట్టివేయుచు పోగా, నెలకు చేతికందునది 23,000 దరిదాపున తేలినది. "పని నువ్వు చేస్తావు, మజూరీ వాళ్లు పట్టుకున్నట్టుంది గదరా" అని ఆ తండ్రి నవ్వెను.

బహుళజాతి సంస్థల పట్టభద్ర నియామకములను గూర్చి నేను చదివిన వ్యాఖ్యలలో ఇంత సూటియైనది మరియొకటి లేదు. తరుగు, మజూరీ అను మాటలు ప్రొద్దుటూరులో పసిపిల్లలకును తెలిసినవే గాని, కళాశాలల ప్రవేశ కరపత్రములలో అచ్చగు 'ప్యాకేజీ' అను మాటకు అట్టి లెక్క కలదని చెప్పువారు అరుదు. గ్రాట్యుటీనే చూడుడు. సాధారణముగా అయిదేండ్లు నిరంతరముగా కొలువు చేసిన ఉద్యోగికి ముట్టవలసిన ఆ సొమ్ము, రెండేండ్లకే సంస్థ మారు కుర్రవాని మొదటి సంవత్సరపు ప్యాకేజీలో రూపాయి తగ్గకుండ లెక్కకు వచ్చుచున్నది. అంతకన్న పెద్ద తరుగు కాలము వలన కలిగినది. 2010 ప్రాంతమున పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలు కొత్తవారికి ఏడాదికిచ్చినది సుమారు మూడు లక్షలు. ఆనాడు పది గ్రాముల బంగారము పదునెనిమిదిన్నర వేల దరిదాపున నుండెను గనుక, ఆ జీతము పదహారు తులములకు సరిపోయెడిది. 2025లో పది గ్రాములు లక్ష దాటినవి. జీతము మాత్రము మూడు, మూడున్నర లక్షల నడుమనే యున్నది. తూచి చూచిన మూడు తులముల చిల్లర. ఇతర వస్తువుల ధరలు బంగారమువలె పెరుగలేదని అర్థశాస్త్రజ్ఞులు ఆక్షేపింతురు, నిజమే. అయినను కూతురి పెండ్లిని తులములతో లెక్కించు ఊరిలో ఈ త్రాసును కాదనుట సులభము కాదు.

పట్టభద్రులను ఎంపికచేసి, తర్ఫీదిచ్చి, దూరదేశమునకు పంపు మహాసంస్థ కడప సీమకు క్రొత్తది కాదు. 1800లో దత్తమండలములు ఎవరి వశమైనవో ఆ ఈస్టిండియా కంపెనీ స్వభావముచేత బహుళజాతి వ్యాపార సంస్థయే. దాని కొలువునకు దారి డైరెక్టర్ల సిఫారసు. సిఫారసు పొందిన కుర్రవాండ్రకు 1806లో స్థాపించిన హెయిలీబరీ కళాశాలలో చదువు. మద్రాసు చేరిన పిదప 1812 నాటి సెంట్ జార్జి కోట కళాశాలలో దేశభాషల అభ్యాసము, దానికొక పరీక్ష. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో ఈ మెట్లన్నియు ఎక్కుచు మద్రాసులో దిగి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చి, పరీక్షలో గట్టెక్కి, 1820లో కడప కలెక్టరునకు సహాయకుడుగా వచ్చెను. తరువాతి కాలమున కడపలో బంగళా కొని, అయోధ్యాపురం కృష్ణారెడ్డి పర్యవేక్షణమున పండితులకు తన జీతములోనుండి జీతములిచ్చి కావ్యములను పరిష్కరింపజేసిన కథ అందరెరిగినదే. ఈ ప్రస్తావనము పాండిత్య ప్రదర్శనమునకు కాదు. ఆనాటి కంపెనీ తన కుర్రవాడు ఇచ్చటి భాష రానిదే పనికిరాడని యెంచి, ఆ భాష నేర్పుటకు రెండు కళాశాలలను పోషించి, నేర్చువరకు జీతమిచ్చినది. నేటి కంపెనీ తన భాష వచ్చినవానినే వడబోసి తీసికొని, రానివానికి నేర్పు భారమును కుటుంబమునకు వదలుచున్నది. సిఫారసు పోయి 1855లో బహిరంగ పరీక్ష వచ్చినదని సంతసింపవచ్చును గాని, నేర్పు వ్యయము ఎవరి నెత్తిన పడుచున్నదను విషయమున కాలము ముందుకు నడచినదని చెప్పుటకు నాకు నోరు రాదు.

నేర్పువారు మన పక్షమున లేకపోలేదు. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల 2006లో వెలసినది. యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల 2008లో ప్రొద్దుటూరునకు వచ్చినది. అదే 2008లో పదవ తరగతి మార్కుల ఆధారమున గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని ఆరేండ్లు చదివించు ట్రిపుల్ ఐటీ ఇడుపులపాయలో ఆరంభమైనది. రుసుముల చెల్లింపు పథకము తోడై, ప్రైవేటు కళాశాలలు పొలముల నడుమ మొలచి, పది పదునైదేండ్లలో ఇంటింట ఒక బీటెక్ పట్టా చేరినది. ఇంత పంట ఒక్కసారి అంగడికి వచ్చునప్పుడు కొనువాని చేయి పైదగుట వింత కాదు.

ప్రొద్దుటూరు బంగారమునకే గాక ప్రత్తికిని పేరుపడిన ఊరు. ఈ రెండింటిని కొను తీరులు వేరు. బంగారమైనచో చిన్న ముక్కనైనను గీటురాయిపై విడిగా గీచి చూతురు. ప్రత్తియైనచో బోరెములో చేయి పెట్టి గుప్పెడు తీసి, పింజ లాగి చూచి, బోరెమంతటికి ధర కట్టుదురు. పెద్ద సంస్థల నియామకము తన్ను తాను గీటురాయిగా చెప్పుకొనును గాని, చేయునది ప్రత్తి బేరమే. పదియు, ఇంటరును, డిగ్రీయు అన్నింట అరువది శాతము, బ్యాక్‌లాగులు ఉండరాదు, చదువు నడుమ ఏండ్ల విరామము ఉండరాదు అను నిబంధనలతో మొదట జల్లెడ పట్టుదురు. పదవ తరగతిలో, తండ్రికి జబ్బు చేసిన ఏట, యాబది ఎనిమిది శాతము తెచ్చుకొన్న పిల్లవాడు పిమ్మట ఎంత ప్రోగ్రామింగ్ నేర్చినను ఆ జల్లెడ రంధ్రమునుండి జారిపోవును. కళాశాల పేరు ఇంకొక జల్లెడ. టీసీఎస్ 2018 నుండి నిర్వహించు జాతీయ అర్హత పరీక్ష వంటివి వచ్చిన పిదప, క్యాంపస్‌కు కంపెనీ రాని ఊరి పిల్లలకును ఒక ద్వారము తెరచుకొన్నమాట సత్యము. దానిని నేను తక్కువ చేయను. ఆ ఒక్క పరీక్షలోనే నింజా, డిజిటల్, ప్రైమ్ అని మూడు అంతస్తులు. క్రింది అంతస్తునకు సుమారు 3.36 లక్షలు, నడిమిదానికి ఏడు, పైదానికి తొమ్మిది. మన పిల్లలలో అధికులు కోచింగ్ కేంద్రములలో నేర్చునది క్రింది అంతస్తు దాటు విద్యను మాత్రమే. 'ఏదో ఒకటి పడితే చాలన్నా, తర్వాత చూసుకుందాం' అను మాట ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్లలోను నేను ఇన్నిసార్లు వింటిని గనుక, ఆ 'తర్వాత' యెట్లుండునో చూడవలసి యున్నది.

దానికి ముందు ఒక విడ్డూరము. విదేశీ సంస్థలు వెదకుకొని వచ్చిన సీమయే ఇది. వచ్చినది మాత్రము మనుష్యుల కొఱకు కాదు, సున్నపురాతి కొఱకు. ఎర్రగుంట్ల జువారి సిమెంటు కర్మాగారములో ఇటలీకి చెందిన ఇటాల్‌సిమెంటి వర్గము 2001లో భాగస్వామియై, 2006లో సంపూర్ణముగా తన వశము చేసికొనగా, 2016లో ఆ ఇటాలియన్ సంస్థనే జర్మనీకి చెందిన హైడెల్‌బర్గ్ కొన్నది. కమలాపురము మండలము నల్లలింగాయపల్లె వద్ద భారతి సిమెంటులో ఫ్రాన్సుకు చెందిన వికా సంస్థ 2010లో 51 శాతము వాటా పొందినది. జమ్మలమడుగు పిల్లవాడు మేడనెక్కి చూచిన కనబడు పొగగొట్టములలో ఐరోపా యాజమాన్యముది ఒకటైనను ఉండవచ్చును. వాని ఆఫర్ లెటరు మాత్రము ఇచ్చట ఒక్క గదియైనను లేని సంస్థనుండి వచ్చుచున్నది. కారణము దుష్టబుద్ధి కాదు, యంత్రము. రోజుకు వేల టన్నులు కాల్చు బట్టీని ఒక కంట్రోల్ రూములో కొలదిమంది తెరల ముందు కూర్చుండి నడపుదురు. ఏటేట అచ్చట ఖాళీయగు ఇంజనీరు కుర్చీలను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. మిగిలినది అప్రెంటిస్ కొలువు. 1961 నాటి అప్రెంటిస్ చట్టము పట్టభద్రునకు ఒక ఏడు స్టైపెండ్ ఇప్పించును, 2019లో దాని కనీసము నెలకు 9,000గా నిర్ణయించిరి. ఏడాది ముగిసిన పిమ్మట, ఒప్పందములో ప్రత్యేకముగా వ్రాసికొన్ననే తప్ప, ఉద్యోగమిచ్చి తీరవలెనను నిర్బంధము యజమానిపై అదే చట్టము పెట్టలేదు. ఇక ఉక్కు మాట. జమ్మలమడుగు పరిసరములలో 2007లో, 2018లో, 2019లో, 2023లో ముఖ్యమంత్రుల చేతులమీదుగా ఉక్కు కర్మాగారమునకు పునాది పూజలు జరిగినవి. మొదటి పూజనాడు పుట్టిన పిల్లలు నేడు ఇంజనీరింగ్ కళాశాలలలో నున్నారు.

కనుక దారి బెంగుళూరునకో హైదరాబాదునకో. పులివెందుల, కదిరి మీదుగా రాత్రి బస్సు ఎక్కిన పిల్లలు తెల్లవారునప్పటికి మారతహళ్లి హాస్టళ్లలో దిగుదురు. అచ్చట మొదట ఎదురగునది శిక్షణము, పిదప 'బెంచి', అనగా పని దొరకువరకు ఖాళీగా వేచియుండుట, పిదప ప్రాజెక్టు. సాఫ్ట్‌వేర్ సేవల సంస్థ లాభము గోపురము వంటి నిర్మాణముపై నిలుచును: అడుగున తక్కువ జీతపు కొత్తవారు వేలకొలది, పైకి పోను పోను కొలదిమంది. పరదేశపు ఖాతాదారునికి గంటల లెక్కన బిల్లు వేయబడుచున్నంతవరకే ఉద్యోగి లాభము. బెంచిపై కూర్చున్న దినము నష్టము. ఈ గోపురపు అడుగు ఎంత పలుచనైనదో రెండు సంఘటనలు చెప్పుచున్నవి. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ తన మైసూరు శిక్షణ కేంద్రమునుండి మూడు వందలకు పైబడిన కొత్తవారిని, అంతర్గత పరీక్షలో మూడు అవకాశములిచ్చినను నెగ్గలేదని పంపివేసినది. వారిలో 2022లో ఆఫరు పొంది రెండేండ్లకు పైగా పిలుపునకై వేచినవారును ఉండిరి. అదే సంవత్సరము జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతమును, అనగా సుమారు 12,000 మందిని, తగ్గించెదనని ప్రకటించినది. ఆ కత్తి ముఖ్యముగా పడినది మధ్యస్థ, ఉన్నత శ్రేణులపైన. అడుగు మెట్టు జారుడు, నడిమి మెట్టు వదులు. కొత్తవాడు వ్రాయు చిన్న చిన్న కోడును కృత్రిమ మేధ వ్రాయసాగిన ఈ దినములలో అడుగున అన్ని వేలమంది యేలనను ప్రశ్నము సంస్థలే వేసికొనుచున్నవి.

పూర్వమొక ఊరట యుండెడిది: ఆన్‌సైట్. నాలుగేండ్లు ఓర్చినచో అమెరికా అను ఆశ పెండ్లి సంబంధములను సైతము శాసించినది. ఏటికి 85,000 హెచ్-1బి వీసాలకు లాటరీ. దానిపై 2025 సెప్టెంబరులో క్రొత్త దరఖాస్తునకు లక్ష డాలర్ల రుసుము. మూడున్నర లక్షల రూపాయల కుర్రవానికై లక్ష డాలర్లు కట్టు సంస్థను నేను ఊహింపజాలను.

అయినను చీకటియే అని వ్రాసినచో అది అబద్ధమగును. విదేశీ సంస్థలు తమ పనికై తామే నెలకొల్పుకొను గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు 2024 నాటికి దేశమున 1,700 దాటినవి, వానిలో అప్పటికి సుమారు 19 లక్షలమంది పనిచేయుచుండిరి. హైదరాబాదు, బెంగుళూరు వానికి ముఖ్య స్థానములు. అచ్చట జీతము మేలు, పని లోతు. అవి ప్రొద్దుటూరు క్యాంపస్‌కు రావు. రెండు మూడేండ్ల అనుభవము గలవానిని వేరొక సంస్థనుండి ఏరుకొనుటయే వానికి అలవాటు. అందుచేత మన పిల్లవానికి మొదటి కొలువు విలువ 23,000 లో లేదు, ఆ రెండు మూడేండ్లలో వాని చేతికి ఏ పని తగిలినదన్న దానిలో నున్నది. నగను మరల అమ్మబోయిన మజూరీ నీళ్లపాలు. బిస్కెట్టు ఏ అంగడిలోనైనను తూకమునకు చెల్లును. ఒక ఖాతాదారుని పాత సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే పనికివచ్చు విద్య నగ వంటిది, ఆ గడప దాటిన వెల పడిపోవును. అట్టి సపోర్టు ప్రాజెక్టులో రాత్రి షిఫ్టులు చేసి మూడేండ్లు గడపినవాడు నాలుగవ ఏట అమీర్‌పేటలో మరల మొదటినుండి కోర్సు కట్టుట నేనెరుగుదును. (లేని అనుభవమును కాగితముపై సృష్టించు కన్సల్టెన్సీలను ఆశ్రయించువారి మాట వేరు, అది పూత బంగారము, ఒక్క గీటుకు తేలిపోవును.) బాండ్ ఎంత, జీతమెంత అని అడుగు తలిదండ్రులు, ఏ పని ఇచ్చెదరని అడుగరు. అడుగ నేర్పినవారు లేరు. కళాశాల నియామక అధికారికి కావలసినది ఫ్లెక్సీపై ఫోటోల సంఖ్య. ఆఫరు వచ్చిన పిల్లలలో ఎందరు చేరిరి, చేరినవారిలో ఎందరు మూడవ ఏటికి ఏ పనిలో నున్నారు అను లెక్కను ఫ్లెక్సీపై వ్రాసిన కళాశాల ఈ మూడు ఊళ్లలో నాకింతవరకు కనబడలేదు.

ఆ అంగడిలోని తండ్రి పదునెనిమిది పుటలును త్రిప్పి, కడపట వ్రేలు పెట్టి, "చేరే తేదీ యాడుందిరా?" అని అడిగెను. తరువాత తెలుపబడునని యుండెను. కాగితములను మడచి సంచిలో పెట్టుకొని వారు వెడలిరి. ఈ మధ్య ఆ వీధిలో పోవుచు చూచితిని. తండ్రి దీపము ముందు కూర్చుండి ఊదుగొట్టముతో అతుకు పెట్టుచుండెను. ప్రక్కన కుమారుడు దుకాణపు లెక్కలు వ్రాయుచు, నడుమ నడుమ ఫోనులో ఇంకొక సంస్థ పరీక్షకు అభ్యాసము చేయుచుండెను. తేదీ వచ్చినదా యని అడిగితిని. "పెట్టెలోనే ఉందన్నా, కాగితం" అనెను.