ఎలక్ట్రిక్ ఏస్ వచ్చింది సరే.. ఉద్దానం కిరాయి బండికి లెక్క కుదురుతుందా?

కంచిలి: ఉద్దానంలో కొబ్బరి కాయ తోట దాటి బయటికి రావాలంటే పెద్ద లారీతో పని జరగదు. ఆ సందుల్లోకి, ఇసుక దారుల్లోకి అది రాలేదు. చిన్న బండే దిక్కు. టాటా ఏస్, లేదంటే అదే సైజులో ఇంకో కంపెనీ బండి. ఇప్పుడు అదే బండి కరెంటుతోనూ వస్తోంది. పెట్రోలు, డీజిల్ ఖర్చు తప్పుతుంది కదా, కొనేద్దామా అనుకునే వాళ్లు ఒక్క నిమిషం ఆగండి. రోజూ ఒకే రూటులో తిరిగే వాళ్లకు ఇది లాభమే. సీజన్ కిరాయిల మీద బతికే వాళ్లకు మాత్రం ఇప్పుడప్పుడే కాదు. ఎందుకో చూద్దాం.

ఏస్ మార్కెట్లోకి వచ్చింది 2005 మేలో. అప్పటిదాకా ఊళ్లలో సరుకు మోయాలంటే మూడు చక్రాల ఆటో, లేదంటే లారీ. మధ్యలో ఏమీ లేదు. గిరీశ్ వాఘ్ నాయకత్వంలోని టాటా ఇంజనీర్లు ఆ ఖాళీని పట్టుకున్నారు. ఇండికా కారు డీజిల్ ఇంజన్‌ను దాదాపు సగానికి కోసినట్టు, రెండు సిలిండర్లతో 702 సీసీ ఇంజన్ చేశారు. పవర్ 16 హార్స్‌పవర్ మాత్రమే. బైక్ కంటే కొంచెం ఎక్కువ, అంతే! అయినా జనం దానికి 'ఛోటా హాథీ' అని పేరు పెట్టారు. సరిగ్గా అదే కాలంలో చెన్నై–కోల్‌కతా హైవే నాలుగు వరసలైంది. పెద్ద లారీలు హైవే మీద, చిన్న బండ్లు ఊళ్లలోకి. కంచిలి ఆ హైవే మీదే ఉంది కాబట్టి ఈ మార్పును దగ్గరగా చూసింది. 20 ఏళ్లలో 25 లక్షలకు పైగా బండ్లు అమ్మామని కంపెనీ చెబుతోంది. తెలుగు నేల మీద కూడా పోటీ బండి పుట్టింది. 2015లో మహీంద్రా తెచ్చిన జీతో తయారయ్యేది జహీరాబాద్‌లోనే.

ఇక కరెంటు బండి సంగతి. టాటా 2022 మేలో ఏస్ ఈవీని చూపించింది. 2023 జనవరి నుంచి డెలివరీలు మొదలుపెట్టింది. అప్పుడు ఒప్పందాలు చేసుకున్న వాళ్లెవరో తెలుసా? అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, బిగ్‌బాస్కెట్ లాంటి వాళ్లు. అంటే సిటీలో గోడౌన్ నుంచి బయల్దేరి, రాత్రికి మళ్లీ అక్కడికే చేరే బండి. అసలు మెలిక ఇక్కడే ఉంది. దాన్ని తయారు చేసిన పని వేరు, మన దగ్గర చేయాల్సిన పని వేరు.

2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రోతో ధర కాస్త కిందికి దిగింది. 750 కిలోల లోడు. పెట్రోలు బండి 3.99 లక్షలు, ఎలక్ట్రిక్ 6.50 లక్షలు. 14.4 యూనిట్ల బ్యాటరీ, 155 కిలోమీటర్ల రేంజ్. అయితే 2025 సెప్టెంబర్ 22 నుంచి పెట్రోలు, డీజిల్ సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్‌కు ముందు నుంచీ 5 శాతమే. కాబట్టి దానికి కొత్తగా వచ్చిందేమీ లేదు. ఆ తగ్గింపు పూర్తిగా అందితే పెట్రోలు బండి సుమారు 31 వేలు చౌక. రెండింటి మధ్య తేడా దాదాపు 2.8 లక్షలైంది.

ఈ 2.8 లక్షలు ఎన్నాళ్లకు తిరిగొస్తాయి? కంపెనీ చెప్పే రేంజ్‌ను పక్కన పెడదాం. లోడుతో, మన రోడ్ల మీద ఫుల్ ఛార్జ్‌కు 100 కిలోమీటర్లు వస్తుందనుకుందాం. ఛార్జింగ్‌లో పోయేది కలిపి 16 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే కిలోమీటరుకు రూపాయి ముప్పై పైసలు. పెట్రోలు లీటరు 108, మైలేజీ 18 అనుకుంటే కిలోమీటరుకు 6 రూపాయలు. మిగిలేది నాలుగున్నర పైనే.

రోజుకు వంద కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగే బండికి రెండేళ్లు దాటగానే తేడా వచ్చేస్తుంది. వాటర్ క్యాన్లు, పాలు, గ్యాస్ సిలిండర్లు, పార్శిళ్లు వేసేవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు. కిడ్నీ జబ్బుల భయంతో క్యాన్ నీళ్లు కొనుక్కుని తాగే ప్రాంతం ఇది. ఆ బండ్లకు పని లేని రోజు ఉండదు. కానీ కాయ దింపు ఉన్నప్పుడు తిరిగి, లేనప్పుడు స్టాండులో పెట్టుకునే బండి సగటున రోజుకు 40 కిలోమీటర్లే తిరిగిందనుకోండి. ఐదేళ్లు దాటుతుంది. లోన్ వడ్డీ అదనం. పైగా బయట ఛార్జర్ దగ్గర యూనిట్‌కు 20 రూపాయలు కడితే మిగులు మూడు రూపాయల లోపుకు పడిపోతుంది.

ఇంకొకటి, లోడు. పీచుతో ఉన్న కాయ కిలో పైనే తూగుతుంది. రూలు ప్రకారం 750 కిలోలంటే ఆరేడు వందల కాయలు. మన స్టాండుల్లో రూలు ప్రకారం లోడు చేసే బండి ఎన్నింట్లో ఒకటో చెప్పక్కర్లేదు. డీజిల్ బండికి ఓవర్‌లోడ్ అంటే మైలేజీ తగ్గడం, బంకులో ఇంకో రెండు లీటర్లు కొట్టించడం. ఈవీకి అయితే దారి మధ్యలో ఆగిపోవడం. విశాఖ కిరాయి వచ్చిందంటే ఒక వైపే రెండు వందల కిలోమీటర్ల పైన. ఒక ఛార్జింగ్‌తో అయ్యే పని కాదు.

తుపాను మాట కూడా ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చి పోయాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. సరిగ్గా బండి అవసరం ఎక్కువగా ఉండే రోజులవి.

మరి ప్రభుత్వ సాయం? 2024 అక్టోబర్‌లో కేంద్రం 10,900 కోట్లతో పీఎం ఈ-డ్రైవ్ తెచ్చింది. మూడు చక్రాల ఎలక్ట్రిక్ ఆటోలకు చోటిచ్చారు. ట్రక్కుల్లో 3.5 టన్నులు దాటిన వాటికి ఇచ్చారు. మధ్యలో ఉండే ఈ నాలుగు చక్రాల చిన్న బండి రెండింటికీ కాకుండా పోయింది. సొంత బండి తోలుకునేవాడి చేతిలో ఉండేది ఇదే కదా, దీన్నే వదిలేయడం ఏం లెక్కో!

సబ్సిడీ వచ్చినా ఊరికే ఎగబడకూడదని మన రాష్ట్రమే చూపించింది. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ అంటూ 9,260 బండ్లు రోడ్డెక్కాయి. వాటిలో 6,413 టాటా ఏస్‌లే. ప్రభుత్వం మారింది. 2025 జూన్ 1 నుంచి రేషన్ మళ్లీ షాపులకే వెళ్లింది. బండ్లను వేరే ఉపాధికి వాడుకోమన్నారు. బండి ఉంది, రోజూ కచ్చితంగా ఉండే పని పోయింది.

అందుకే షోరూంకు వెళ్లే ముందు ఒక నెల మీ బండి మీటరు రాసుకోండి. రోజుకు 80 దాటి, రాత్రికి ఇంటికి చేరి, ఇంటి మీటరు మీదే ఛార్జింగ్ పెట్టుకోగలిగితే ఈవీ గురించి మాట్లాడొచ్చు. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఓవర్‌లోడ్ చేస్తే వర్తిస్తుందా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. దగ్గర్లో ఈవీ రిపేరు చేసే మెకానిక్ పలాసలో ఉన్నాడా, శ్రీకాకుళం పోవాలా అన్నది కూడా అప్పుడే అడగండి.